ఫ్లెక్సీ వెనకవైపు

తనకు అవార్డు రాలేదని తెలిసిన క్షణాన గుండెల మీద చెయ్యేసుకుని ‘అమ్మయ్య’ అనుకున్న మనిషిని మీరెక్కడైనా చూశారా? తెనాలిలో ఉన్నాడు. పేరు జార్జి. నాటకాల వాళ్ళకీ, బడి పిల్లల వార్షికోత్సవాలకీ వేషాలు అద్దెకిస్తాడు. కొట్టు పేరు జార్జి డ్రస్ కంపెనీ. కంపెనీ అన్నామని పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. రెండు కుట్టుమిషన్లు, మేకులకు వేలాడే గదలు, కిరీటాలు, అట్టపెట్టెల నిండా గడ్డాలూ మీసాలూ, వీటన్నిటి మధ్యలో భార్య సలోమి, ఆవిడ నోరు.

జార్జి ఘనత ఒక ముక్కలో తేలేది కాదు, వరసలో చెప్పుకోవాలి. తండ్రి చుండూరులో పాస్టర్లకు అంగీలు కుట్టేవాడు. ఆయన దగ్గరే కత్తెర పట్టడం నేర్చుకున్నాడు. బడి మధ్యలోనే మానేసి తెనాలి చేరి నాటక సమాజాల వెంట పడ్డాడు. పద్యం తారస్థాయికి తీసుకుపోతూ దుర్యోధనుడు చెయ్యెత్తితే చంకలో కుట్టు పిగలకూడదు. అదీ అతని విద్య. క్రిస్మస్‌కు దేవదూతల రెక్కలు, శ్రీరామనవమికి ఆంజనేయుడి తోక, ఆగస్టు పదిహేనుకు భరతమాత కిరీటం, అన్నీ ఆ ఒక్క బల్ల మీదే పుట్టేవి. ఎన్ని పరిషత్తులు పిలిచి శాలువాలు కప్పాయో! ఆ శాలువాలను సలోమి ఊరికే దాచలేదు. రాజుల కోట్లకు లోపలి గుడ్డగా వేసేసింది.

ఇంత చేసినా అతని పేరు తెనాలి పొలిమేర దాటింది మాత్రం ఒక టీవీ సీరియల్ పుణ్యాన. పొన్నూరు అమ్మాయి హిమబిందు తీసిన ‘రేపల్లె తర్వాత స్టేషన్’ అది. అత్తాకోడళ్ళ సీరియల్ కాదు, సైన్స్ ఫిక్షన్. రైలు పట్టాలు రేపల్లెలో ఆగిపోతాయని మనందరికీ తెలుసు. ఆ సీరియల్లో ఆగవు. ఒకనాటి తెల్లవారుజామున తెనాలి ప్యాసింజరు రేపల్లెలో నిలవకుండా, బాపట్ల తీరం మీదుగా గాలిలోకి లేచి చుక్కల్లోకి వెళ్ళిపోతుంది. అందులో నిమ్మకాయల వ్యాపారి, ఒక నర్సు, పంతులమ్మ, పెళ్ళిచూపులకు పోతున్న కుర్రాడు ఇలాంటి మన మనుషులే ఉంటారు. చుక్కల్లో దిగాక వాళ్ళు తొడుక్కునేదేంటి? ఆ ప్రశ్నతోనే హిమబిందు జార్జి కొట్టుకు వచ్చింది.

“జార్జన్నా, అంతరిక్షంలో తిరిగే దుస్తులు కావాలి. తెల్లగా, బిగువుగా, గాలి చొరబడనట్టు కనపడాలి. హైదరాబాదులో అడిగితే మా సీరియల్ మొత్తం ఆ బట్టలకే సరిపోయేట్టుంది.”

“గుడ్డ ఏంటమ్మా?”

“అది తెలిస్తే మీ దగ్గరికెందుకొస్తానన్నా?”

జార్జి వీధిలోకి చూశాడు. ఎదురుగా కరెంటు స్తంభానికి ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ. కట్టిన తాడు ఊడి ఒక మూల తిరగబడింది. ముందువైపు రంగులు, పూలదండలు, కళ్ళజోళ్ళు. వెనకవైపు పాలలాంటి తెలుపు.

“దొరికిందమ్మా,” అన్నాడు. “ఊరి నిండా వేలాడుతోంది.”

ఆ మర్నాటి నుంచి తెనాలిలో ముచ్చట తీరిపోయిన ఫ్లెక్సీలన్నీ జార్జి కొట్టుకే చేరాయి. ఫ్లెక్సీ కుట్టడం నేత గుడ్డ కుట్టినంత తేలిక కాదు. మిషను పాదానికి అంటుకుపోతుంది, జరగదు. సలోమి ముఖానికి రాసుకునే పౌడరు తెచ్చి పాదం కింద చల్లింది. సర్రున జరిగింది. తెలుపు బయటికి, రంగులు లోపలికి పెట్టి ఒక్కొక్కటే కుట్టుకొచ్చారు. షూటింగులో నర్సు వేషం వేసిన అమ్మాయి దుస్తులు విప్పి, లోపల చూసి కెవ్వుమంది.

“అన్నా! నా వీపు మీద ఎవరిదో పెద్దకర్మ ఉందన్నా!”

“ఛ, ఊరుకోమ్మా. నీకేసింది గృహప్రవేశం. పెద్దకర్మ కెప్టెన్‌కి వేశాను,” అన్నాడు జార్జి. కెప్టెన్ వేషధారి ఆ పూట భోజనం సరిగా చెయ్యలేదట.

శబ్దం రికార్డు చేసే రాజ్ కుమార్ మాత్రం రోజూ పోట్లాడేవాడు. “నడిస్తే పరపర, కూర్చుంటే పరపర. డైలాగు వినపడొద్దా? ఇవి స్పేస్ సూట్లా, అప్పడాలా?” అని. చివరికి విసిగి, ఆ పరపరనే చుక్కల్లో వీచే గాలి చప్పుడుగా వాడేశాడు. చూసిన వాళ్ళందరికీ ఆ చప్పుడు వింటే ఒళ్ళు జలదరించింది.

ఆ సీరియల్ తెలుగు బుల్లితెర పురస్కారాలకు తొమ్మిది నామినేషన్లు సంపాదించింది. ఉత్తమ సీరియల్, కథ, దర్శకత్వం, నటి, ఛాయాగ్రహణం, సంగీతం, శబ్దం, కళ, దుస్తులు. మన గడ్డ మీద తీసిన సీరియల్‌కు, అందులోనూ చుక్కల కథకు, ఒక్కసారే తొమ్మిది! దుస్తుల దగ్గర జార్జి పేరు. ఇక్కడే వచ్చింది చిక్కు.

నందివెలుగులో శేషగిరిరావు గారని పెద్ద రైతు. తెనాలి నాటక పరిషత్తుకు ఎప్పటినుంచో ఆయనే అధ్యక్షుడు. జార్జి కొట్టు నడిచేది సగం ఆ పరిషత్తు మీదే. పరిషత్తుల్లో నామినేషన్ అనే మాటే లేదు. పోటీలు అయిపోయాక స్టేజీ మీద పేరు చదువుతారు, వెళ్ళి బహుమతి పుచ్చుకుంటారు. పేరు చదివారంటే వచ్చినట్టే. అందుకని జార్జి ఎంత చెప్పినా ఆయన చెవికెక్కలేదు.

“పేరు చదివారా లేదా?”

“చదివారండి. కానీ బాబాయిగారూ, ఇంకా నలుగురి పేర్లు కూడా...”

“వినయం మంచిదేనయ్యా జార్జీ. మరీ ఇంత పనికిరాదు.”

వారం తిరిగేసరికి మూడు ఫ్లెక్సీలు లేచాయి. తెనాలి చౌకులో ఒకటి, షూటింగు జరిగిన బాపట్ల సూర్యలంక రోడ్డులో ఒకటి, రేపల్లె స్టేషన్ ఎదుట ఒకటి. ‘ఉత్తమ దుస్తుల అవార్డు విజేత, తెనాలి ముద్దుబిడ్డ జార్జి గారికి శుభాభినందనలు’ అని పైన. ఫొటో స్టూడియో వాళ్ళు జార్జి తలకాయకు నీలం కోటూ, ఎర్ర టై అతికించారు. కింద చేతులు జోడించి శేషగిరిరావు గారు. ఆయన బొమ్మ జార్జి బొమ్మకన్నా కొంచెం పెద్దదే పడింది. జార్జి ఆ దారిన వెళ్ళడం మానేసి సందుల్లోంచి టీకి పోయి వస్తుండేవాడు.

గురువారం పొద్దున హిమబిందు ఫోన్ చేసింది.

“అన్నా, మీకేదో ఫ్లెక్సీ కట్టారంటగా? విజేత అని?”

“కట్టారమ్మా. నేను వద్దన్నా...”

“అన్నా, అవార్డుల కమిటీ వాళ్ళ నిబంధన ఉంది. ఫలితం చెప్పకముందే గెలిచామని ప్రచారం చేసుకుంటే ఆ సీరియల్‌ను మొత్తం పోటీ నుంచి తీసేస్తారు. మీ ఒక్కరిదే కాదు, తొమ్మిదీ పోతాయి. ఆదివారమే ఫలితాలు. ఎవడన్నా ఒక్క ఫొటో తీసి పంపాడా, అంతే. ఎలాగన్నా ఇవాళే దించెయ్యన్నా.”

జార్జి చేతిలో కత్తెర బల్ల మీద పెట్టేశాడు. నా ఒక్కడి బొమ్మ కోసం ఇంతమంది కష్టం గంగలో కలుస్తుందా అనుకున్నాడు.

“ఆలోచిస్తావేంటి, పోయి విప్పుకురా,” అంది సలోమి.

“పెద్దాయనకి చెప్పకుండా విప్పితే?”

“పరిషత్తు వేషాలన్నీ వేరే కొట్టుకి పోతాయి.”

“చెప్పి విప్పితే?”

“మొహం మాడ్చుకుంటాడు, అప్పుడూ పోతాయి. ఎలాగూ పోయేదానికి దర్జాగా విప్పు,” అంటూ దబ్బనం, దారం, కత్తెర సంచిలో పడేసింది. ఆకాశం మూసుకుని ఉంది. అల్పపీడనమని టీవీలో చెబుతున్నారు. స్కూటర్ సీటు తడవకుండా ఒక ఫ్లెక్సీ ముక్క కప్పి పంపింది.

చౌకుకు వెళ్ళి చూస్తే ఫ్లెక్సీ లేదు. ఉత్త తాళ్ళు వేలాడుతున్నాయి.

“పొద్దున్నే ఎవరో విప్పుకుపోయారండీ, ట్రాక్టరేసుకొచ్చి మరీ,” అన్నాడు టీ కొట్టాయన.

ఫ్లెక్సీ కోసం ట్రాక్టర్ వేసుకొచ్చేదెవరు? గిట్టని వాళ్ళు సాక్ష్యంగా పట్టుకుపోయారా? శేషగిరిరావు గారికి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. కట్ చేశారు. సంగతి తెలిసి ఆయనే కోపంతో విప్పించేశారా? ఏదైతేనేం, మిగతా రెండూ ముందు దించాలని బాపట్ల దారి పట్టాడు.

పొన్నూరు దాకా రోడ్డు పక్కన వడ్లే వడ్లు. కోతలు అయిపోయి ఆరబోసిన వడ్లను రైతులు పరుగులు పెడుతూ కుప్ప చేస్తున్నారు. బరకాలు ఉన్నవాళ్ళు బరకాలు, లేనివాళ్ళు చీరలూ, సంచులూ కప్పుతున్నారు. సన్నగా తుంపర మొదలైంది.

సూర్యలంక రోడ్డులోనూ కట్టిన చోట ఫ్లెక్సీ లేదు. జార్జికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఏం చెయ్యాలో తోచక పక్కనున్న బజ్జీల బండి కిందకి చేరి తల తుడుచుకుంటుంటే, బండి ఆవిడ అతని మొహం చూసింది, తలెత్తి పైకి చూసింది, మళ్ళీ అతన్ని చూసింది.

“ఓరి నాయనో, మీరే కదండీ!”

బండికి పైకప్పుగా ఉన్నది అతని ఫ్లెక్సీయే. తెలుపు బయటికి, బొమ్మ లోపలికి. బజ్జీల పొగకి జార్జి కోటు అప్పుడే కాస్త నల్లబడింది.

“ఊడి పడితే తెచ్చి కప్పుకున్నానండీ. బొమ్మ పైకి పెడితే ఎండకి వెలిసిపోద్ది కదా, మీ మొహం పాడవకూడదని లోపలికి పెట్టా.”

జార్జికి ఆవిడకు దణ్ణం పెట్టాలనిపించింది. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకు ఒక్క అక్షరం కనపడదు. అయినా తినడానికి వచ్చినవాళ్ళు తలెత్తితే?

“అమ్మా, ఒక్క మాట కత్తిరించుకుని పోతాను. ఏమనుకోవుగా?”

“ఏ మాటండీ?”

“విజేత.”

“అయ్యో, ఉన్నవాటిలో మంచి మాట అదే కదండీ!”

“అదింకా నాది కాదమ్మా. అయ్యాక తెచ్చిస్తాను.”

స్టూలెక్కి ఆ మాట మేరకు కత్తిరించాడు. వానలో ఆవిడ బండికి కన్నం పెట్టి పోవడానికి మనసొప్పక, స్కూటర్ సీటు మీది ముక్క తీసి అక్కడ పెట్టి దబ్బనంతో కుట్టేశాడు. ఆవిడ నాలుగు మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టి చేతిలో పెట్టింది. తడిసిన సీటు మీద కూర్చుని చెరుకుపల్లి మీదుగా రేపల్లె చేరాడు.

రేపల్లె ఫ్లెక్సీ మాత్రం చెక్కుచెదరలేదు. వానకు కడిగినట్టు తళతళలాడుతోంది. జార్జి గోడెక్కి ఒక తాడు కోశాడో లేదో, కింద ఆటోల దగ్గర్నుంచి కేకలు.

“ఎవడయ్యా అది! దిగు! దిగమంటంటే!”

కేకేసినవాడు ఆటో డ్రైవర్ ఎబినేజర్. వెనక ఇంకో నలుగురు.

“ఆయనెవరనుకున్నావ్? మా రేపల్లె నుంచి బండిని చుక్కల్లోకి పంపినాయన. ఆయన ఫ్లెక్సీ పీకుతావా? ఎవరు పంపారు నిన్ను, గుంటూరు వాళ్ళా?”

“తమ్ముడూ, ఆ జార్జిని నేనే.”

ఎబినేజర్ పైకి చూశాడు. నీలం కోటు, ఎర్ర టై. కళ్ళు దించి గోడ మీది జార్జిని చూశాడు. తడిసి ఒంటికంటుకున్న చొక్కా, కారుతున్న జుట్టు, చేతిలో కత్తెర.

“ఆయన అవతారం చూడు, నీ అవతారం చూడు.”

“ఆ కోటు నాది కాదయ్యా, స్టూడియో వాళ్ళది. మెడ దగ్గర్నుంచి కిందంతా వాళ్ళదే. పైన తలకాయొక్కటే నాది.”

జనం నవ్వారు. ఒకడు దగ్గరికొచ్చి చెవులు పోల్చి చూసి, “ఆయనేరా” అన్నాడు. జార్జి గోడ మీదే కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఎబినేజర్ మొహం వాడింది.

“అంటే అవార్డు ఇంకా రాలేదాండీ?”

“లేదు. పేరు వరకే.”

“వచ్చుద్దంటారా?”

“ఏమో. ఇది ఇక్కడుంటే మాత్రం ఎవ్వరికీ రాదు. మీ రేపల్లె బండి చుక్కల్లోంచి తిరిగి యార్డులోకి వచ్చేస్తుంది.”

“ఆ ముక్క ముందు చెప్పొద్దా అన్నాయ్! పట్టండ్రా!” అని ఎబినేజరే రెండో వైపు ఎక్కి తాళ్ళు విప్పాడు. పీకొద్దని కొట్టబోయిన వాళ్ళే మడత పెట్టి స్కూటర్ మీద కట్టారు.

తెనాలి తిరిగొచ్చి, ఇంటికి పోకుండా నేరుగా నందివెలుగు వెళ్ళాడు. చౌకు ఫ్లెక్సీ ఏమైందో తేలితే గానీ ముద్ద దిగదు. ఇంకా వెలుతురుంది. ఊరి మొదట్లో రోడ్డు పక్కన పెద్ద వడ్ల కుప్ప. దాని మీద పరుచుకుని తానే కనపడ్డాడు. నీలం కోటు, ఎర్ర టై, నుదుటి మీద ఒక ఇటుక. పక్కనే చేతులు జోడించిన శేషగిరిరావు గారు, ఆయన నుదుటి మీద రెండు ఇటుకలు. వాన నీరు ‘శుభాభినందనలు’ మీదుగా కాలువ కట్టి జారుతోంది. కింద గింజ తడవలేదు.

కుప్ప అవతల తలకు సంచి కప్పుకుని నిలబడ్డ అసలు శేషగిరిరావు గారు, జార్జిని చూడగానే ట్రాక్టర్ చాటుకు జరిగారు.

“బాబాయిగారూ!”

ఇక తప్పదని ఆయన బయటికొచ్చారు. ఎప్పుడూ మైకు ముందు గర్జించే మనిషి గొంతు పీలగా వచ్చింది. “జార్జీ, ఏమనుకోకయ్యా.”

“ఫోన్ ఎందుకెత్తలేదండీ? పొద్దుట్నుంచీ చేస్తున్నాను.”

“ఏ మొహం పెట్టుకుని ఎత్తను? నలుగుర్నీ పిలిచి, కొబ్బరికాయ కొట్టి కట్టానే! తీరా మబ్బు పట్టేసరికి ఉన్న బరకాలు చాల్లేదు. ప్రాణం ఆగలేదు. ట్రాక్టరేసుకెళ్ళి విప్పుకొచ్చా. వడ్ల కోసం నీ పరువు తీశానయ్యా. తిట్టదలుచుకుంటే తిట్టు.”

జార్జి ఆ వానలో, రోడ్డు మధ్యలో నిలబడి నవ్వడం మొదలుపెట్టాడు. పొద్దుటి నుంచి బిగబట్టిన ఊపిరంతా ఆ నవ్వులో పోయింది. ఆయన బిత్తరపోయి చూస్తుంటే కమిటీ నిబంధన, తొమ్మిది నామినేషన్లు, బజ్జీల బండి, రేపల్లె గోడ, అన్నీ చెప్పాడు. విన్నాక పెద్దాయన ఇటుకల కింద ఉన్న తన బొమ్మ వైపు తిరిగారు.

“అంటే కట్టి ముంచబోయిందీ నేనే, విప్పి బతికించిందీ నేనేనన్నమాట.”

“అంతేనండి.”

“మరి నువ్వు చెప్పొచ్చుగా!”

“చెప్పానండి. వినయమన్నారు.”

అంతలో వాన పెద్దదైంది. కొంచెం అవతల చిన్న కుప్ప ఒకటి కప్పకుండానే ఉంది. జార్జి పరుగెత్తి స్కూటర్ మీది రేపల్లె ఫ్లెక్సీ తెచ్చాడు. ఒక కొస అతనూ ఒక కొస ఆయనా పట్టి కప్పారు. రెండింటి మీదా ‘విజేత’ ఉన్న చోట ఇటుక పెట్టాడు జార్జి.

ఆదివారం సాయంత్రం కొట్టులో టీవీ పెట్టారు. పరిషత్తు వాళ్ళంతా వచ్చి కిరీటాల కింద సర్దుకుని కూర్చున్నారు. ఉత్తమ నటి మనదే. మన నర్సమ్మే! చప్పట్లు. ఉత్తమ శబ్దం మనదే. రాజ్ కుమార్ స్టేజీ ఎక్కి, “ఈ అవార్డులో సగం తెనాలి జార్జి గారి ఫ్లెక్సీల పరపరది. ఆయన్ని రోజూ తిట్టాను, క్షమించమని అడుగుతున్నాను,” అన్నాడు. కొట్టు దద్దరిల్లింది. నాటకాల అలవాటు పోతుందా, వెనక నుంచి ఒకాయన టీవీని చూసి “వన్స్ మోర్!” అని అరిచాడు. తర్వాత దుస్తులు. వేరే సీరియల్ పేరు చదివారు, పట్టుబట్టల రాజుల కథ. అదిగో, అప్పుడే జార్జి గుండెల మీద చెయ్యేసుకుని ‘అమ్మయ్య’ అన్నది.

“సిగ్గులేదా, రానందుకు మురిసిపోతున్నావు?” అంది సలోమి.

“వస్తే బాగుండేదే. కానీ చౌకులో ఆ విజేత ఫ్లెక్సీ ఇంకా వేలాడుతుంటే రేపు పొద్దున నేను ఏ దారిన టీకి పోయేవాణ్ణి చెప్పు?”

ఆవిడ నవ్వింది. అందరికన్నా చివర్లో ఉత్తమ సీరియల్ ప్రకటించారు. ‘రేపల్లె తర్వాత స్టేషన్.’ తొమ్మిది నామినేషన్లు, మూడు అవార్డులు. హిమబిందు అవార్డు బొమ్మను పట్టుకుని ఏడుస్తూ, రెండో భాగం కూడా తీస్తానని అక్కడే చెప్పేసింది. ఈసారి బండెడు మంది చుక్కల్లోకి పోతారట.

మర్నాడు శేషగిరిరావు గారు కొట్టుకు వచ్చారు. వడ్లు ఆరి మిల్లుకు చేరాయని, గింజ రంగు మారలేదని ముందు అది చెప్పారు. ఆ తర్వాత గొంతు సవరించుకున్నారు.

“జార్జీ, ఈసారి పొరపాటుండదు. తొమ్మిది నామినేషన్లు, మూడు అవార్డులు, ఉన్నదున్నట్టు వేయిస్తా. నీకు రాలేదని కూడా వేయమంటే వేయిస్తా. మూడూళ్ళలోనూ మళ్ళీ కడదాం. ఏం రాయమంటావో నువ్వే చెప్పు.”

జార్జి మిషను పాదం కింద పౌడరు చల్లుతున్నాడు. తలెత్తకుండానే అన్నాడు.

“రాత మీ ఇష్టం బాబాయిగారూ. గుడ్డ మాత్రం కాస్త మందంగా ఉండేది వేయించండి. వెనకవైపు నాకు కావాలి.”